సిరంజి నుంచి సంచికి

హైదరాబాదులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు మందులు కలిపే గదికి వెళ్లినవారికి ముందుగా కనిపించేవి ట్రేలో వరుసగా పేర్చిన చిన్న సెలైన్ సంచులు. పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ అనే రక్త క్యాన్సర్ మందును బిడ్డ మోతాదు ప్రకారం ఆ సంచిలో కలిపి, సిరలోకి మాత్రమే ఎక్కించాలనీ, మరో దారిన ఇస్తే ప్రాణాంతకమనీ తెలిపే చీటీ అంటించి, ఇద్దరు సరిచూశాకే వార్డుకు పంపుతారు.

ఈ మందు ఒకటి రెండు మిల్లీలీటర్లే కావడంతో సిరంజిలో తీసి ఇవ్వడం తేలిక, వెనుకటి పద్ధతీ అదే. అయితే అదే బిడ్డకు, ఒక్కోసారి అదే రోజున, మెతోట్రెక్సేట్ అనే మరో మందును వెన్నులోకి, అంటే వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఇవ్వవలసి వస్తుంది. రెండు సిరంజిల మూతులూ ఒకే కొలతలో ఉండి వెన్ను సూదికి అతుకుతాయి కనుక, ఒకదానికి బదులు మరొకటి చేతికందితే ఆపేది ఏదీ ఉండదు. ఇలాంటి పొరపాటు 1968లోనే వైద్య పత్రికలకెక్కినా, 2001 జనవరిలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 18 ఏళ్ల యువకునికి విన్‌క్రిస్టిన్ వెన్నులోకే వెళ్లి, నెల తిరగకముందే అతడు కన్నుమూశాడు. ఇంజెక్షన్ ఇచ్చే వేళ పర్యవేక్షించిన వైద్యునికి 2003లో జైలు శిక్ష పడింది. సిరంజి మూతి మాత్రం అప్పటికీ అలాగే ఉంది. ముప్పై ఏళ్లకు పైగా తెలిసిన ప్రమాదానికి ఒక నిండు ప్రాణం పోవడం ఎంతో బాధాకరం.

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందుకు సిరంజి మాని సంచి వాడాలని సూచించింది. గొట్టంతో వేలాడే అంత ద్రవాన్ని వెన్నులోకి ఇవ్వాలని ఎంత అలసిన వైద్యునికైనా తోచదు. ఈ మార్పులోని గొప్పతనమంతా అక్కడే ఉంది. దీనికి అభ్యంతరం లేకపోలేదు: మందు సిర దాటి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ పుండవుతుంది, సంచి ఎక్కేందుకు పట్టే నిమిషాలలో ఆ ప్రమాదం పెరుగుతుందని నర్సుల భయం.

అందుకే ఆ వార్డులో సంచి తగిలించిన నర్సు మంచం విడిచి కదలదు. బిడ్డ చేతి పట్టీ మీది పేరును తానే చదివి వినిపించకుండా, “పాప పేరు చెప్పమ్మా” అని తల్లిని అడిగి, జవాబును పట్టీతో పోల్చుకున్నాక గొట్టం తెరుస్తుంది. చివరి చుక్క దిగేదాకా ఆమె చూపు ఆ చిన్న చేతి మీదనే నిలిచి ఉంటుంది.