తాతయ్య సంతకం, నా ఈస్ట్ ప్లేటు

సంతకం కలవలేదని బ్యాంకువాళ్లు తాతయ్య పింఛను ఫారం తిప్పి పంపిన రోజే, ల్యాబ్‌లో నా ప్లేటు మొదటిసారి సరిగ్గా వచ్చింది.

32 ఏళ్లు నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలు రాసిన మాస్టారు ఆయన. ఇప్పుడు పేరు మొదలుపెడితే మొదటి అక్షరం బానే ఉంటుంది, చివరికొచ్చేసరికి చీమ తలకాయంత అయిపోతుంది. పార్కిన్సన్స్‌లో చేతి వణుకు అందరికీ తెలుసు. రాత ఇలా చిన్నదైపోవడం కూడా ఆ జబ్బు లక్షణమేనని డాక్టర్ చెప్పేదాకా మాకు తెలీదు. అనవసరంగా రెండుసార్లు కళ్లజోడు మార్పించాం.

నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. పనంతా ఈస్ట్‌తో. అవును, బ్రెడ్డు పొంగడానికి వేసే ఈస్టే. ఊరెళ్లినప్పుడు చెప్తే నానమ్మ, "కల్లుకుండలో నురగ తెప్పించేదేగా! దానికి మెదడెక్కడుందే?" అంది.

నిజమే. ఈస్ట్ అంటే ఒకే ఒక్క కణం. మెదడు లేదు, నరం లేదు. పార్కిన్సన్స్ వచ్చినవాళ్ల మెదడు కణాల్లో ముద్దకట్టే ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ కూడా దాంట్లో ఉండదు. మాకు పనికొచ్చేది ఆ లేకపోవడమే. మనిషి జన్యువుని తెచ్చి అందులో పెడితే, తర్వాత జరిగే గొడవంతా దానివల్లేనని చెప్పొచ్చు. 2003లో అమెరికాలో సూసన్ లిండ్‌క్విస్ట్, టియాగో ఔటెయిరో ఆ పనే చేశారు. ఒక కాపీ పెడితే ప్రోటీన్ బుద్ధిగా వెళ్లి కణం అంచు పొరకి అతుక్కుంది. రెండు పెడితే లోపల ముద్దలు కట్టింది, కణం పెరగడం ఆగిపోయింది. ఒక్క కాపీ తేడా! అదే ఏడాది, ఈ జన్యువు అదనపు కాపీల వల్లే ఒక కుటుంబంలో పార్కిన్సన్స్ వస్తోందని వేరే శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ రెండు పేపర్లూ ఒకేసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి కణంలో పాడయ్యేదేంటి? ప్రోటీన్లు తయారయ్యే చోటు నుంచి ప్యాకింగ్ అయ్యే చోటుకి చిన్న చిన్న సంచుల్లో సరుకు వెళ్తుంటుంది. సిన్యూక్లిన్ ఎక్కువైతే ఆ దారిలో ట్రాఫిక్ జామ్. 2006లో ఇదీ ఈస్ట్‌లోనే బయటపడింది. రవాణాకి సాయపడే ఇంకో ప్రోటీన్‌ని పెంచితే కణాలు కోలుకున్నాయి. ఈగల్లో, ఎలుక నరకణాల్లో కూడా ఆ ఉపాయం కొంత పనిచేసింది. ఈ రవాణాని నడిపే జన్యువుల్ని ఈస్ట్‌లో కనిపెట్టి 2013లో నోబెల్ అందుకున్న ర్యాండీ షెక్‌మన్ భార్యకీ పార్కిన్సన్సే ఉండేది. అది చదివాక ఆయన నాకు మా ఇంటి మనిషిలా అనిపించారు.

ఇక నా ప్లేటు. మేం పెట్టిన జన్యువుకి ఒక స్విచ్ ఉంటుంది, గాలక్టోజ్ అనే చక్కెర ఇస్తేనే పడుతుంది. గ్లూకోజ్ కాస్త మిగిలినా పడదు. కణాల్ని సరిగ్గా కడగకుండా నాలుగు నెలలు ఆ తప్పే చేశా. ఎవర్నీ అనడానికి లేదు, నా బద్ధకమే. ఈసారి మాత్రం గ్లూకోజ్ ప్లేటు మీద ఐదు చుక్కలూ తెల్లగా పెరిగాయి. గాలక్టోజ్ మీద మొదటి చుక్క మసగ్గా ఉంది, తర్వాతవి మాయం. అచ్చం తాతయ్య సంతకంలా.

శనివారం ఊరెళ్లి ఫోన్‌లో ఫొటో చూపించా. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇవి పోయింది నా జబ్బుతోనేనా?"

"దాంట్లో ఒక ముక్కతో."

"మందెప్పుడొస్తుంది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయా. "నీకు అందేలోగా రాకపోవచ్చు తాతయ్యా."

తలూపాడు. తర్వాత వణుకుతున్న వేలితో స్క్రీన్ మీద ఓ మూల చూపించాడు. ఖాళీగా ఉన్న మూడో చుక్కలో ఒకే ఒక్క కాలనీ. నేను గమనించనే లేదు!

"మరిదెలా బతికింది?"

"చాలాసార్లు మేం పెట్టిన జన్యువుని వదిలించుకుని బతికేస్తాయి. అందులో గొప్పేం లేదు."

"చూశావా?"

"లేదు."

"మరి చూడవే."

సోమవారం పొద్దున్నే ఆ కాలనీని తీసి కొత్త ప్లేటు మీద గీశా. బ్యాంకులో ఇకనుంచి వేలిముద్ర వేస్తే చాలన్నారట.