జేబులో చాకు: చేతికి తగిన ఎంపిక

మడత చాకు కొనేటప్పుడు అందరూ వాదర చూస్తారు. కాగితం కోసి, గోరు మీద ఆనించి, పదును పరీక్షిస్తారు. పదును ముఖ్యమే. అయితే నెల్లూరు జిల్లా తీర గ్రామాలలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన రోజులలో మడత చాకు గాయాలతో నా దగ్గరకు వచ్చినవారిని ‘ఎలా తెగింది?’ అని అడిగితే, ఎక్కువమంది ఒకే మాట చెప్పేవారు: ‘కోస్తుంటే మూసుకుపోయింది సార్.’ అందుకే చాకు ఎంపికను నేను ఆరోగ్య విషయంగానే భావిస్తాను. అది ఎంత బాగా కోస్తుందని అడిగే ముందు, అనుకోకుండా మూసుకోకుండా ఉంటుందా అని అడగాలి.

చాకు వెంట ఉంచుకోవడం మనకు కొత్త అలవాటేమీ కాదు. తాటాకుల మీద రాసిన కాలంలో గంటమూ, ఆకు అంచులు కత్తిరించే చిన్న కత్తీ ఒకే పిడిలోకి మడుచుకునే సాధనాలు దక్షిణ దేశంలో ఉండేవి. మా చిన్నతనంలో పెద్దల రొండిన చాకు ఉండేది. జామకాయ కోయడానికీ, పెన్సిలు చెక్కడానికీ, తాడు తెంపడానికీ అదే. ఇప్పటికీ దాని అవసరం తీరలేదు. మందుల స్ట్రిప్పు, కొరియర్ పార్శిలు, మజ్జిగలోకి నిమ్మకాయ, ప్రయాణంలో ఒక ఆపిల్ పండు. రోజుకు నాలుగైదుసార్లయినా చెయ్యి చాకు కోసం వెతుకుతుంది.

నిరుడు విదేశం నుంచి వచ్చిన మా అమ్మాయి రెండు మడత చాకులు తెచ్చి, ‘నీకు నచ్చింది జేబులో పెట్టుకో నాన్నా, రెండోది వంటింట్లో ఉంటుంది’ అన్నది. రెండింటినీ నెలల తరబడి మార్చి మార్చి వాడి చూశాను.

రెండు చాకులు, రెండు పద్ధతులు

మొదటిది స్విట్జర్లాండ్‌లో తయారైన విక్టోరినాక్స్. ఎర్రని పిడి, దాని మీద తెల్లని శిలువ గుర్తు. కార్ల్ ఎల్సెనర్ అనే కత్తుల పనివాడు 1884లో ఇబాఖ్ అనే ఊరిలో కార్ఖానా ప్రారంభించి, 1891 నుంచి ఆ దేశ సైన్యానికి చాకులు అందించాడు. 1909లో తల్లి మరణించిన తరువాత ఆమె పేరు విక్టోరియాను తన సరుకుకు పెట్టుకున్నాడు. తుప్పుపట్టని ఉక్కును సూచించే ‘ఇనాక్స్’ అనే మాట 1921లో దానికి తోడైంది. మడిచినప్పుడు దీని పొడవు 91 మిల్లీమీటర్లు. పెద్ద అలుగు, చిన్న అలుగు, కత్తెర, డబ్బా మూత తీసే పరికరం, పిడిలో దాగిన చిన్న పట్టకారు. ఒక చిన్న పెట్టెడు సామాను గుప్పిట్లో ఉన్నట్లుంటుంది.

రెండవది ఫ్రాన్స్‌కు చెందిన ఒపినెల్, 8వ నంబరు. ఆల్ప్స్ కొండలలోని సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన చాకు ఇది. బీచ్ చెట్టు కొయ్యతో చేసిన గుండ్రని పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల ఒకే ఒక్క అలుగు. వేరే హంగులు లేవు. అయితే పిడి మెడ దగ్గర తిరిగే ఉక్కు ఉంగరం ఒకటి ఉంటుంది. అలుగు తెరిచాక ఆ ఉంగరాన్ని కొద్దిగా తిప్పితే చాకు బిగుసుకుపోతుంది. ఉంగరాన్ని వెనక్కి తిప్పేదాకా మూసుకోదు. 1955లో చేర్చిన ఏర్పాటు ఇది.

మొదటి చాకులో ఇటువంటి బిగింపు లేదు. పిడి వెనుక ఉండే స్ప్రింగు అలుగును తెరిచి ఉంచుతుంది. పండు కోయడానికి అది చాలు. కాని అలుగు మొనతో దేన్నయినా పొడిచినా, ఇరుక్కున్న అలుగును అటూఇటూ కదిపినా, అలుగు వీపు మీద బలం పడినా స్ప్రింగు లొంగిపోతుంది. అలుగు మూసుకునే దారిలో మన వేళ్ళుంటాయి. ఆ సంస్థే చేసే పెద్ద చాకులలో కొన్నింటికి బిగింపు ఉంటుంది; ఈ పరిమాణంలో నాకు వచ్చిన దానికి లేదు.

వేలు మడవడం పోతే

మైపాడు వైపు ఒక పల్లెలో వల బాగుచేసుకునే నడివయసు మనిషి ఒకసారి నా దగ్గరకు వచ్చాడు. నైలాను తాడు ముడిలోకి చాకు మొన గుచ్చి విప్పబోతే అలుగు మడుచుకుని చూపుడువేలు, మధ్యవేలు తెగాయి. కాఫీపొడి అద్ది గుడ్డ కట్టుకున్నాడు. రక్తం ఆగింది, పై చర్మం అతుక్కున్నది. మూడు వారాల తరువాత, ‘గాయం మానింది గాని వేళ్ళు వంగడం లేదు’ అని వచ్చాడు. పెద్దాసుపత్రికి పంపి ఆపరేషన్ చేయించాము. చెయ్యి కొంతవరకు తిరిగి వచ్చింది. వల అల్లే మునుపటి వేగం మాత్రం రాలేదు. ఒక చాకు మూసుకోవడానికి పట్టే కాలం రెప్పపాటు. దాని వల్ల ఒక ఇంటి సంపాదన ఏళ్ళ తరబడి తగ్గింది.

ఎందుకిలా జరుగుతుంది? మన వాడుకలో ‘నరం తెగింది’ అంటాము గాని, వేలిని మడిచేది నరం కాదు. ముంజేతి కండరాల నుంచి వేళ్ళ ఎముకల దాకా తాళ్ళలా సాగే టెండన్లు ఆ పని చేస్తాయి. అరచేతి పై మడత నుంచి వేలి మధ్యభాగం వరకు ఒక్కొక్క వేలికి రెండేసి టెండన్లు ఇరుకైన గొట్టంలో కలిసి నడుస్తాయి. మడత చాకు మూసుకున్నప్పుడు తెగేది సాధారణంగా ఇక్కడే. ఇక్కడ కుట్టినవి చుట్టుపక్కల అతుక్కుపోయి వేలు బిగిసిపోయేది. అమెరికా శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బనెల్ ఆ రోజులలో ఈ భాగాన్ని ఎవరూ అడుగుపెట్టకూడని నేలగా పేర్కొన్నాడు. ఇప్పుడు పద్ధతులు మెరుగుపడ్డాయి. మంచి ఫలితం కావాలంటే మాత్రం మొదటి కొద్ది రోజులలోనే ఆపరేషన్ జరగాలి.

మన గాలి, మన తేమ

చాకు ఎంపికలో ఊరి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఒపినెల్‌లో కార్బన్ ఉక్కుతో చేసినదీ, స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసినదీ రెండు రకాలున్నాయి. కార్బన్ ఉక్కును సానరాయి మీద పదును పెట్టడం తేలిక. కాని పొదలకూరు నిమ్మకాయ ఒక్కటి కోసి తుడవకుండా పెడితే అలుగు నల్లబడుతుంది. మన తీరంలో తడిగా వదిలేస్తే తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. తీరప్రాంతం వారు స్టెయిన్‌లెస్ రకమే తీసుకోవడం మేలు. మాకు వచ్చినదీ అదే.

కొయ్య పిడికి మరో ఇబ్బంది ఉంది. మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఆ తేమకు కొయ్య ఉబ్బి అలుగును పట్టేసుకుంటుంది. తెరవడం కష్టమైతే గోళ్ళతో పెనుగులాడకూడదు. పిడి వెనుక కొసను బల్ల అంచు మీద ఒకటి రెండుసార్లు తడితే అలుగు కాస్త పైకి వస్తుంది. కీలు దగ్గర నెలకోసారి ఒక చుక్క లిక్విడ్ పారాఫిన్ వేస్తాను. మందుల దుకాణంలో మలబద్ధకానికి ఇచ్చేది అదే. వంటనూనె కొన్నాళ్ళకు జిగటగా మారి వాసన వేస్తుంది, ఇది వేయదు.

ఈ ఒక్క విషయంలో ఎర్ర చాకు చాలా మెరుగు. దాని పిడి తేమకు ఉబ్బదు. మంచినీటితో కడిగి ఆరబెడితే చాలు.

నా చెయ్యి చెప్పిన తీర్పు

పనికివచ్చే వస్తువుగా చూస్తే విక్టోరినాక్స్‌కే నా ఓటు. కత్తెర ఉంది. సర్కారుతుమ్మ ముల్లు గుచ్చుకుంటే తీయడానికి పట్టకారు ఉంది. నలభై ఏళ్ళ వయసులో అయితే మరో ఆలోచన లేకుండా దానినే జేబులో వేసుకునేవాడిని.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. చాలా ఏళ్ళుగా మధుమేహం ఉంది. మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం ఒత్తుకుపోయి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొనలు కొంత మొద్దుబారాయి. కార్పల్ టన్నెల్ అనే ఈ ఇబ్బంది మధుమేహులలో ఎక్కువ. చాకు పట్టుకునేవి సరిగ్గా ఆ మూడు వేళ్ళే. స్ప్రింగు లొంగుతున్నదని ఆరోగ్యవంతుడి వేలు ముందే పసిగట్టి పక్కకు తప్పుకుంటుంది. నా వేలికి ఆ కబురు ఆలస్యంగా చేరుతుంది. పైగా స్ప్రింగు చాకు తెరవాలంటే గోటితో గట్టిగా లాగాలి. వయసు మీద పడ్డాక గోళ్ళు పెళుసుబారి చీలిపోతాయి, బొటనవేలి మొదటి కీలు నొప్పి పెడుతుంది. స్ప్రింగు లేని ఒపినెల్, కొయ్య పొడిగా ఉన్నంతకాలం, తేలికగా తెరుచుకుంటుంది.

అందుచేత నా జేబులోకి ఒపినెల్ వచ్చింది. కత్తెరను, పట్టకారును వదులుకున్నందుకు కొంత వెలితి ఉన్నమాట నిజం. కొసలు మొద్దుగా ఉన్న చిన్న కత్తెర, పట్టకారు విడిగా ఇంట్లో పెట్టుకున్నాను.

మీ ఎంపిక కూడా మీ చేతిని బట్టి ఉండాలి. వేళ్ళలో స్పర్శ, పట్టు బాగా ఉండి, పండ్లు, కాగితాలు కోసే పనులే అయితే ఎర్ర చాకు చక్కని తోడు. వేళ్ళ తిమ్మిరి, కీళ్ళవాతం ఉన్నవారికి, తాళ్ళు, కొబ్బరి పీచు వంటివి కోసేవారికి బిగింపు ఉన్న చాకే మంచిది. చెయ్యి బాగా వణికేవారు మడత చాకు జోలికి పోకుండా మొద్దు మొనల కత్తెర వాడుకోవాలి. పడవ మీద, రొయ్యల చెరువు దగ్గర తడి చేతులతో పనిచేసేవారికి ఈ రెండూ తగవు. ఒరలో ఉంచుకునే, మడతలేని చిన్న కత్తి వారికి క్షేమం.

వాడేటప్పుడు

ఏ చాకు అయినా మొనతో పొడిచి తిప్పకండి. అరచేతిలో పండు పెట్టుకుని కోయకండి. పళ్ళెంలో పెట్టి కోయండి. మొద్దుబారిన చాకు మీద బలం ఎక్కువ పెడతాము, అది జారుతుంది. కనుక పదును నిలుపుకోండి.

మధుమేహులకు మరొక్క మాట. అరికాలిలో ఆనెకాయలను చాకుతోనో బ్లేడుతోనో చెక్కుకునే అలవాటు మన పెద్దలలో ఉంది. దయచేసి మానుకోండి. స్పర్శ లేని పాదంలో పడ్డ చిన్న గాటు నొప్పి తెలియకుండానే చీము పట్టి, వేలు తీసివేయవలసిన స్థితికి దారితీయవచ్చు. ఆనెకాయను వైద్యుడికి చూపించండి.

తెగితే

శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి, పది నిమిషాలు వదలకుండా ఉంచండి. మధ్యలో తీసి చూడవద్దు. రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. చిన్న గాటు పడిందని ఆ మందులు సొంతంగా మానవద్దు. రక్తం ఆగాక ధారగా మంచినీళ్ళు పోసి కడగండి. కాఫీపొడి, సున్నం, పసుపు అద్దవద్దు. వేలి మొదట్లో దారం బిగించి కట్టవద్దు.

తరువాత మూడు విషయాలు చూసుకోండి. ప్రతి వేలి కొన విడివిడిగా వంగుతున్నదా? చాపగలుగుతున్నారా? గాయానికి అవతల రెండు పక్కలా స్పర్శ తెలుస్తున్నదా? ఒక్కదానికి ‘లేదు’ అని జవాబు వచ్చినా, గాయం పైకి ఎంత చిన్నగా కనిపించినా, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రక్తం ఆగకపోయినా అంతే. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే, గాయం మురికిదైతే అయిదేళ్ళు దాటినా, మళ్ళీ వేయించుకోవాలి.

సముద్రపు నీటిలోనో ఉప్పుటేరులోనో తగిలిన గాయం ఒకటి రెండు రోజులలోనే బాగా వాచి, బొబ్బలెక్కి, జ్వరం వస్తే క్షణం ఆలస్యం చేయవద్దు. ఆ నీటిలో ఉండే విబ్రియో జాతి సూక్ష్మజీవులు కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్నవారికి ప్రాణాంతకం కాగలవు.

ఎక్కడికి తీసుకుపోకూడదు

మన ఆయుధాల నియమావళి (2016) తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉన్న కత్తులను ఆయుధాల వర్గంలో చేర్చింది. ఇంటి పనికి, సేద్యానికి చేసిన వాటిని మినహాయించింది. మన చిన్న చాకు ఆ కొలతలకు చాలా లోపలే ఉంటుంది. అయినా విమానంలో చేతిసంచిలోకి దీనిని అనుమతించరు, లగేజిలో వేయాలి. తనిఖీ ఉండే గుళ్ళకూ కోర్టులకూ వెళ్ళే రోజున ఇంట్లో పెట్టి వెళ్ళండి.

చాకు కొనేముందు దుకాణంలోనే ఒక చిన్న పరీక్ష చేయండి. తెరిచి, ఎవరి వేలూ దారిలో లేకుండా చూసుకుని, అలుగు వీపును బల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కండి. ఎంత బలానికి మూసుకుంటున్నదో మీకే తెలుస్తుంది. ఆ తరువాతే పదును సంగతి, ధర సంగతి చూడండి.