కదలని కాలు మీద ఓ కన్ను

పక్షవాతం వచ్చిన ఇంటికి చూడ్డానికి వచ్చినవాళ్లంతా చెయ్యి లేస్తోందా, మాట తేటగా వస్తోందా అనే అడుగుతారు. మంచం మీద కదలకుండా పడున్న కాలి సంగతి ఎవరూ అడగరు. నేనూ పట్టించుకోలేదు.

కిందటి వేసవిలో మా అత్తయ్యకి మెదడులో రక్తనాళం మూసుకుపోయి ఎడమ పక్క పడిపోయింది. ఆస్పత్రిలో ఉండగా చుట్టాలావిడ ఒకరు, "పడుకునే ఉండేవాళ్లకి కాళ్లలో రక్తం గడ్డ కడుతుందమ్మా, బిగుతు సాక్సులు వేయండి" అన్నారు. మావారు వెంటనే తొడల దాకా వచ్చే జత కొనుక్కొచ్చారు. పొద్దున్నే వచ్చిన డాక్టరమ్మ వాటిని తీయించేశారు. పక్షవాతం రోగులకి వాటివల్ల గడ్డలు తగ్గకపోగా చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయని, 2,500 మందికి పైగా రోగులతో చేసిన పరిశోధనలో 2009లోనే తేలిందట.

వాటి బదులు బీపీ చూసే పట్టీలాంటి తొడుగులు రెండు కాళ్లకీ చుట్టి మెషిన్ పెట్టారు. గాలి నిండి కాలిని నొక్కుతుంది, మళ్లీ వదులుతుంది. మనం నడిచేటప్పుడు పిక్క కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి కదా, ఆ పని అది చేస్తుందన్నమాట. 2013లో బ్రిటన్‌లో 2,876 మందిలో చూస్తే, నూటికి 12 మందికి గడ్డ కట్టేది ఈ మెషిన్‌తో 8, 9 మందికి తగ్గిందట. "తగ్గుతుందంతే, అసలు రాదని కాదు. ఇంటికెళ్లాక కూడా కాళ్లు చూస్తూ ఉండండి" అన్నారావిడ. ఆ చివరి మాట నా బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చిన పదో రోజు. ఒళ్లు తుడుస్తుంటే అత్తయ్య ఎడమ పిక్క నున్నగా, బిగుసుకున్నట్టు కనిపించింది. ముట్టుకుంటే కుడికాలి కన్నా వేడిగా ఉంది. "నొప్పిగా ఉందా అత్తయ్యా?" అంటే "ఏమీ లేదే" అన్నారు. ఆ పక్క స్పర్శే సరిగా లేదన్నది అప్పుడు నాకు తట్టలేదు. ఆయా అప్పటికే నువ్వులనూనె వెచ్చచేసి తెచ్చింది. "గట్టిగా మర్దనా చేస్తే వాపు దిగిపోద్దమ్మా" అంది. సరేనని కాలు ఒళ్లో పెట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది డాక్టరమ్మ మాట. జాకెట్లు కొలిచే టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచాను. ఎడమది మూడు సెంటీమీటర్లు పైనే ఎక్కువ. పడిపోయిన కాలు సన్నబడాలి గానీ లావెక్కడమేంటి? నూనె గిన్నె పక్కన పెట్టి ఆస్పత్రికి పరిగెత్తాం. డాప్లర్ స్కాన్‌లో తొడ దాకా గడ్డ ఉంది. "మర్దనా ఏమన్నా చేశారా?" అని అడిగారు డాక్టరమ్మ. గడ్డ ముక్క కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పట. "లేదండీ" అన్నాను గానీ నా కాళ్లు వణికాయి.

గడ్డ పెరక్కుండా మందు మొదలుపెట్టారు. మెదడులో రక్తస్రావమై పక్షవాతం వచ్చినవాళ్లకి లెక్క వేరట, అందుకని ఆ మందులు ఎవరికి వాళ్లు వాడేవి కావు.

ఆ రాత్రి ఇంకో సంగతి బయటపడింది. "నీళ్లు ఎన్ని తాగుతున్నారమ్మా?" అని నర్సు అడిగితే అత్తయ్య మొహం తిప్పుకున్నారు. మాటిమాటికీ నాతో బెడ్‌పాన్ పెట్టించుకోవడం ఇష్టంలేక నీళ్లు తగ్గించేశారట. "ఎన్నిసార్లని పిలవనే నిన్ను?" అన్నారు. ఒంట్లో నీరు తగ్గితే గడ్డ కట్టే అవకాశం పెరుగుతుందని నర్సు చెప్పింది. నేనెప్పుడూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. కానీ వంటింట్లో నేను విసుగ్గా పెట్టిన గిన్నెల చప్పుడు ఆ మంచం దాకా వినిపించే ఉంటుంది.

ఇప్పుడు ఫిజియో నేర్పినట్టు పూటపూటా పాదాలు ఆడిస్తాం, కుర్చీలో కూర్చోబెడతాం. ఒళ్లు తుడిచేటప్పుడు రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తాను. మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లుంటే చూడండి. ఒక కాలే వాచినా, వేడెక్కినా, రంగు మారినా మర్దనా జోలికి పోకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి. ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీనొప్పో వస్తే క్షణం కూడా ఆగొద్దు.

మింగడంలో ఇబ్బంది లేదని పరీక్ష చేసి చెప్పారు కాబట్టి నీళ్లకి భయం లేదు. నిన్న మధ్యాహ్నం అత్తయ్యే పిలిచి, "ఇంకో గ్లాసు ఇవ్వవే" అన్నారు. ఇచ్చాను. అరగంటకి మళ్లీ పిలిచారు. వెళ్లాను.