మన గోదావరి ఇరుకైన చోటికి

మా రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద గోదావరి తెలంగాణలో అడుగుపెడుతుంది. మంజీర, హరిద్ర అక్కడే దానిలో కలుస్తాయి. నల్లరేగడి మైదానంలో నది విశాలంగా పరచుకొని, వేసవిలో ఇసుక మేటలుగా మిగులుతుంది. మా విద్యార్థులకు తెలిసిన గోదావరి ఇదే. ఇదే నది దిగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి జలాలను కూడా కలుపుకొని, తూర్పు కనుమలను చీల్చుకుంటూ ఇరుకైన లోయలోకి ప్రవేశిస్తుంది. ఆ లోయనే పాపికొండలు అంటారు. కొండల మధ్య నది తల వెంట్రుకల నడుమ తీసిన పాపిడిలా కనిపించడం వల్లనే ఆ పేరు వచ్చిందని చెబుతారు. వచ్చే సెలవుల్లో పిల్లలను, వారి తల్లిదండ్రులను అక్కడికి తీసుకువెళ్ళాలని మేము ఆలోచిస్తున్నాము. అలాంటి యోచన ఉన్న కుటుంబాలకు మేము సేకరించిన వివరాలు ఉపకరించగలవు.

పాపికొండల అడవి 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటితమైంది. దాని విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. అడవి దున్నలు, చిరుతలు, బెట్టుడుతలు అందులో నివసిస్తాయి. అయితే పడవ ప్రయాణికుడికి దర్శనమిచ్చేవి ప్రధానంగా కొండలు, నీరు, పక్షులు మాత్రమే. జంతువులను చూపిస్తామని పిల్లలకు మాట ఇవ్వరాదు.

మా ప్రాంతంవారికి అనువైన మార్గం ఇది. బోధన్, నిజామాబాదుల మీదుగా సికింద్రాబాదు చేరాలి. అక్కడ రాత్రి బయలుదేరే మణుగూరు రైలు తెల్లవారేసరికి కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దింపుతుంది. అక్కడినుంచి భద్రాచలం సుమారు 40 కిలోమీటర్లు. అది దాటి కూనవరం మీదుగా వెళితే పోచవరం రేవు వస్తుంది. ఇది మన పోచంపాడు కాదు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన వి.ఆర్.పురం మండలంలోని గ్రామం. పడవలు అక్కడినుంచే బయలుదేరుతాయి. రాజమండ్రి వైపునుంచి వచ్చేవారు దేవీపట్నం సమీపంలోని గండిపోచమ్మ రేవులో ఎక్కుతారు.

కాలం విషయంలో ఈ సంవత్సరాలు మదర్సాలకు కలిసివచ్చాయి. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది కనుక, షాబాన్ మాసంలో మొదలయ్యే మా వార్షిక సెలవులు ఏటేటా వెనక్కి జరుగుతూ ఇప్పుడు చలికాలంలోకి వచ్చాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పాపికొండల యాత్రకు మంచి కాలం. వరదల రోజుల్లో పడవలు నిలిపివేస్తారు.

ఆ నిలుపుదల ఎందుకో తల్లిదండ్రులు తప్పక గ్రహించాలి. 2019 సెప్టెంబరు 15న, నది వరదలో ఉండగా, కచ్చులూరు వద్ద ఒక పర్యాటక పడవ మునిగి దాదాపు యాభై మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో మన తెలంగాణ కుటుంబాలు కూడా ఉన్నాయి. రెండేళ్ళ విరామం తరువాత, 2021 నవంబరులో ప్రయాణాలు తిరిగి ప్రారంభమయ్యాయి. పిల్లలను అప్పగించే తల్లిదండ్రుల మనసులో మొదట మెదిలేది ఆ దుర్ఘటనే. అందుకే మేము కొన్ని షరతులు విధించుకున్నాము. ప్రతి ఒక్కరూ, పెద్దలతో సహా, దిగేవరకు లైఫ్ జాకెట్ ధరించాలి. పిల్లల కొలతకు సరిపోయే జాకెట్లు లేని పడవ ఎక్కరాదు. పడవ ఒక పక్కకు అందరూ గుమిగూడరాదు. వుజూ కోసం అంచున వంగి నీళ్ళు ముంచుకోరాదు, సీసాల్లో వెంట తెచ్చుకున్న నీటినే వాడాలి.

నమాజు విషయంలో హనఫీ కుటుంబాలకు ఒక మాట. సుమారు 77 కిలోమీటర్లు మించిన ప్రయాణంలో, 15 రోజులకన్నా తక్కువ మజిలీ అయితే, నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. కదిలే పడవలో నిలబడితే తల తిరిగేవారు కూర్చొని నమాజు చేయవచ్చు.

ఆలస్యం చేయకపోవడానికి మరో కారణం ఉంది. లోయకు దిగువన పోలవరం ఆనకట్ట నిర్మాణం జరుగుతోంది. 150 అడుగుల పూర్తి మట్టానికి నీరు నిలిస్తే లోయ అంచులు, ఒడ్డున ఉన్న పల్లెలు మునుగుతాయి. దేవీపట్నం పరిసర గ్రామాల ప్రజలు ఇప్పటికే ఇళ్ళు వదలి పునరావాస కాలనీలకు తరలిపోయారు. కొండరెడ్లు, కోయలు తరతరాలుగా ఆ అడవినే నమ్ముకొని బ్రతికినవారు. మన చెరకుకు నీరిచ్చిన నిజాంసాగర్ కూడా కొన్ని ఊళ్ళను కడుపులో దాచుకున్నదే. ఆ సంగతి పిల్లలకు పడవలోనే చెప్పాలి. ఒడ్డున కొండరెడ్లు అమ్మే వెదురు వస్తువులను బేరమాడకుండా కొనమని కూడా చెప్పాలి.

రేవు చేరాక నీరు పెరిగిందని తెలిస్తే, పిల్లలు ఎంత ఏడ్చినా, టిక్కెట్టు సొమ్ము పోయినా, భద్రాచలానికి తిరిగి వచ్చేయాలని ముందే తీర్మానించుకున్నాము.