అజంతా కప్పు మీద పూలు

అజంతా రెండో గుహలోకి వచ్చేవాళ్ల చూపు ముందు గోడల మీదకే పోతుంది. తోట పైన ఉంది. గళ్లు గళ్లుగా గీసిన కప్పు నిండా తామరలు, మొగ్గలు, తీగలు, పండ్లు. ఫ్లాష్ వేయనివ్వరు. మసక వెలుతురుకి కళ్లు అలవాటు పడ్డాక ఒక్కో రేకూ పైకి తేలుతుంది.

5వ శతాబ్దం ద్వితీయార్ధంలో, వాకాటకుల కాలంలో తొలిచిన విహారం ఇది. అన్నీ వదులుకుని వచ్చిన భిక్షువుల నెత్తిమీద ఇంత పూలశోభ ఎందుకు? బౌద్ధులకు పువ్వు ధ్యానవస్తువు. ధమ్మపదంలో ఒక అధ్యాయం పేరే పుప్ఫవగ్గం. శ్రీలంకలో ఇవాళ్టికీ బుద్ధుడి ముందు పూలు పెట్టే భక్తులు, ఈ పువ్వు వాడినట్టే ఈ దేహమూ వాడుతుందని తలచుకుంటారు. ఆ తలపుతో పైకి చూస్తే, ఇక్కడి చిత్రకారుడు పువ్వును ఎంత ప్రేమగా గీశాడో ఇంకా బాగా తెలుస్తుంది.

రాతి మీద మట్టి, ఊక, గడ్డిపీచు కలిపి మెత్తారు. పైన సున్నం పూత. అది ఆరాక జిగురు కలిపిన రంగులు: కావిమట్టి ఎరుపు, దీపపు మసి నలుపు, లాజవర్దం రాయి నీలం. ఆ ఊకే తర్వాత పురుగులకు తిండయింది. తేమకు పెళ్లలు ఊడాయి.

నిలుపుకోవాలని మనుషులు పడ్డ పాట్లు తక్కువేం కాదు. రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి గీసిన నకళ్లలో ఎక్కువ భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. బొంబాయి ఆర్ట్ స్కూల్ విద్యార్థులతో జాన్ గ్రిఫిత్స్ వేయించినవాటిలో చాలా 1885లో లండన్‌లోనే మరో అగ్నిప్రమాదానికి ఆహుతయ్యాయి. అప్పట్లో అజంతా నిజాం రాజ్యంలోది. 1920లో హైదరాబాద్ ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. ఊడిపోబోయే పెళ్లలను వాళ్లు గోడకు అతికించి నిలబెట్టారు. రక్షణకని పూసిన లక్క వార్నిష్ మాత్రం కాలక్రమంలో పచ్చబడి రంగులనే కమ్మేసింది. దాన్ని పురావస్తు శాఖ రసాయన నిపుణులు ఎంతో ఓపిగ్గా తొలగిస్తూ వచ్చారు.

రాలిన రేకుల చోట కొత్తవి గీయలేదు. తామర సగంలో ఆగి, ఆ పక్కన వట్టి గచ్చు కనిపిస్తుంది. అక్కడే నేను ఎక్కువసేపు నిలబడిపోయాను.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలంగాణ రాష్ట్ర మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లున్నాయి. ముందు అక్కడ ఆ గీతల తీరును దగ్గర నుంచి చూసి వెళ్తే, గుహలో మిగిలినదేదో, రాలినదేదో పోల్చుకోవడం తేలికవుతుంది.