బ్రెడ్డు, నేనూ, గిన్నె అడుగూ

మా చిన్నప్పుడు ఇంట్లోకి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరికో ఒకరికి జ్వరం వచ్చినట్టే. నాన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బస్టాండు దగ్గర బేకరీలో బ్రెడ్డు కొని తెచ్చేవారు. అమ్మ దాన్ని వేడిపాలల్లో ముంచి, పైన కాస్త పంచదార చల్లి, జ్వరం వచ్చినవాళ్లకి పెట్టేది. మిగతా పిల్లలం మంచం చుట్టూ చేరి, కనీసం ఆ అంచుముక్కలైనా మాకు దక్కుతాయేమోనని కాచుక్కూర్చునేవాళ్లం. ఆ అంచుల కోసం మా తమ్ముడూ నేనూ జుట్లు పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

అలాంటి బ్రెడ్డుని నలభై మూడేళ్ల వయసులో, ఒళ్లు తగ్గడానికని రోజూ పొద్దున్నే తింటానని నేను కలలో కూడా అనుకోలేదు. మొదటిరోజు నా పళ్లెంలో బ్రెడ్డు చూసి మా అత్తయ్యగారు "ఏమ్మా, ఒంట్లో నలతగా ఉందా?" అంటూ నుదుటి మీద చెయ్యి వేసి మరీ చూశారు.

ఒంట్లో నిజంగానే బాగాలేదు. కాకపోతే అది చెయ్యి వేసి చూస్తే తెలిసే రకం కాదు.

అంతకు ముందు ఏడాది మా అమ్మకి కాలి బొటనవేలు తీసేశారు. అమ్మకి ఇరవై ఏళ్లుగా షుగరు. కొత్త చెప్పు కరిచి వేలి పక్కన చిన్న పుండు పడింది. కాళ్లు తిమ్మిరెక్కి ఉండటంతో అమ్మకి నొప్పే తెలియలేదు. తెలిసేసరికి పుండు లోపలికి పోయింది. ఆసుపత్రిలో కట్టు మారుస్తున్నప్పుడు నేను తల పక్కకి తిప్పుకుంటే నర్సమ్మ నన్ను చూసి, "అమ్మకి ఉంది కదా, మీరు చూపించుకున్నారా ఎప్పుడైనా?" అని అడిగింది. లేదు. పిల్లలకి టీకాలు వేయించాను, మావారికి ఏటా గుండె పరీక్షలు చేయించాను, అత్తయ్యగారి కళ్లకి ఆపరేషన్ చేయించాను. నాకు మాత్రం రెండో కాన్పు తర్వాత రక్తపరీక్షే లేదు.

చేయించుకుంటే మూడు నెలల సగటు షుగరు 6.1 వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు, 6.5 దాటితే షుగరు వచ్చినట్టు, నేను మధ్యలో గట్టు మీద ఉన్నానని డాక్టరుగారు చెప్పారు. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, బరువు 72 కిలోలు. "ఉన్న బరువులో నూటికి అయిదు నుంచి ఏడు వంతులు తగ్గి, రోజూ నడిచినా షుగరు వచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. ముందు అయిదు కిలోలు తగ్గి రండి" అన్నారు.

ఇంటికి వచ్చి ఈ మాట చెప్పగానే సలహాలకి కొదవేముంది! ఎదురు ఫ్లాటు ఆవిడ తేల్చేసింది. "ఇడ్లీ అంటే బియ్యం, దోసె అంటే నూనె, ఉప్మా అంటే రవ్వ. మన టిఫిన్లన్నీ మానేసి బ్రౌన్ బ్రెడ్డు రెండు ముక్కలు కాల్చుకు తినండి, నెలలో దిగిపోతారు" అంది. నాకూ నచ్చింది. రెండంటే రెండు. లెక్క ఉంటుంది, నూనె ఉండదు. పైగా బ్రెడ్డు రోగుల తిండి అని చిన్నప్పటి నుంచీ బుర్రలో ఉండిపోయింది కాబట్టి, తేలికే అయ్యుంటుందని గట్టి నమ్మకం.

నెల రోజులు నోరు కట్టుకున్నాను. ఇంట్లోవాళ్లకి నేతిదోసెలు వేస్తూ, నేను మాత్రం బ్రెడ్డూ టీతో సరిపెట్టుకున్నాను. నెలయ్యాక తూకం చూసుకుంటే 73! ఒక కిలో పెరిగాను. ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ. బ్రెడ్డు పాకెట్టు తీసి పనమ్మాయికి ఇచ్చేశాను.

డాక్టరుగారి దగ్గర ఆహారం గురించి చెప్పే అమ్మాయి ఒకామె ఉంటుంది, మా పెద్దదాని కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఆమె దగ్గరికి వెళ్లి నా గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని, "ఆంటీ, వారం రోజులు నోట్లో పడినదల్లా ఒక పుస్తకంలో రాయండి. కూర్చుని తిన్నదే కాదు, నిలబడి తిన్నది కూడా" అంది.

నిలబడి తిన్నదా? నేను నిలబడి ఏం తింటాను అనుకున్నాను. ఇదిగో, ఆ పుస్తకంలో ఒక మంగళవారం.

ఆరుంబావు: టీ, రెండు రస్కులు. ఏడున్నర: చిన్నాడి బాక్సులోకి శాండ్‌విచ్ చేస్తూ కోసేసిన అంచులు, వాడు అంచులు తినడు. ఎనిమిది: మావారు పళ్లెంలో వదిలేసిన సగం దోసె. ఎనిమిదిన్నర: పల్లీపచ్చడి గిన్నె అడుగున మిగిలిన రెండు చెంచాలు, కడిగేస్తే వృథా కదా అని. తొమ్మిది: బ్రెడ్డు రెండు ముక్కలు, టీ. పదకొండు: కళ్లు తిరిగేంత ఆకలి, నాలుగు జంతికలు. మళ్లీ రెండు.

రాసింది చదువుకుంటే నాకే సిగ్గేసింది. నేను నెల రోజులుగా తిట్టిపోస్తున్న ఆ రెండు ముక్కలకి ముందే నా కడుపులో ఇంకో టిఫిను పడిపోతోంది. దానికి లెక్కలేదు, పళ్లెం లేదు, పేరు కూడా లేదు.

అప్పుడా అమ్మాయి నన్ను కూర్చోబెట్టి బ్రెడ్డు సంగతి విప్పి చెప్పింది. అది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

బ్రెడ్డు ముక్క ఒక్కొక్కటి పాతిక నుంచి ముప్పై గ్రాములు ఉంటుంది, సుమారు 65 నుంచి 80 కేలరీలు. అంటే రెండు ముక్కలు దాదాపు మూడు మామూలు ఇడ్లీలతో సమానం. కాబట్టి ఇడ్లీ మానేసి బ్రెడ్డు తింటే ఒళ్లు తగ్గదు, బ్రెడ్డు మానేసి ఇడ్లీ తిన్నా తగ్గదు. బ్రెడ్డు మీద ఒక చెంచా వెన్న రాస్తే ఇంకో 35 కేలరీలు చేరతాయి. జామ్ అయితే సగానికి పైగా పంచదారే. ఇడ్లీ పక్కన పల్లీపచ్చడి గరిటెడు వేసుకున్నా అంతే సంగతి.

రెండోది, రంగు చూసి మోసపోవద్దంది. పాకెట్టు వెనక దినుసుల పేర్లు రాసేటప్పుడు ఏది బరువు ఎక్కువుంటే అది ముందు రాయాలని రూలు ఉందట. ఇంటికి వచ్చి నా బ్రౌన్ బ్రెడ్డు పాకెట్టు కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. మొదటి పేరు మైదా! గోధుమపిండి ఎక్కడో తర్వాత ఉంది, ఆ గోధుమరంగు కారామెల్ కలిపితే వచ్చింది. నెల రోజులు మైదాకి రంగేసుకుని తిన్నానన్నమాట. ఇప్పుడు మొదటి పేరు ముడిగోధుమపిండి ఉంటేనే కొంటాను. పీచు ఎక్కువ ఉంటుంది, కాసేపు కడుపులో నిలుస్తుంది.

మూడోది రస్కులు. "లైటుగా రెండు రస్కులు" అంటాం చూడండి, అవి బ్రెడ్డునే ఇంకోసారి కాల్చి నీరంతా లాగేసినవి. చక్కెర, నూనె ముందే పడి ఉంటాయి. బరువుకి బరువు చూస్తే బ్రెడ్డు కంటే వాటిలోనే కేలరీలు ఎక్కువ. నోట్లో తేలిగ్గా కరిగినంత మాత్రాన అది తేలిక తిండి కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది నాలుగోది. ఒట్టి బ్రెడ్డూ టీ తాగితే అందులో మాంసకృత్తులు బహు తక్కువ. అందుకే పదకొండింటికి కళ్లు తిరిగేవి, చెయ్యి జంతికల డబ్బాలోకి వెళ్లేది. ఒక గుడ్డు చేర్చుకుంటే 70 కేలరీలే, కానీ ఆరు గ్రాముల మాంసకృత్తులు. గుడ్డు తిననివాళ్లకి ఉడికించిన శనగలో, పెసలో, పన్నీరో ఉండనే ఉన్నాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా, రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఉందట. మనకేమో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ. అన్నీ ధాన్యమే. పొద్దునపూట బ్రెడ్డూ దాని పక్కన ఇంకో బ్రెడ్డూ పెట్టుకుంటే లాభమేముంది?

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. వారంలో మూడు రోజులు బ్రెడ్డు. రెండు ముక్కలు పెనం మీద నూనె లేకుండా కాలుస్తాను. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి ఒక గుడ్డు అట్టు. లేదంటే రాత్రి నానబెట్టి ఉడికించిన శనగలు మెదిపి, నిమ్మకాయ పిండి, మిరియాల పొడి చల్లి మధ్యలో పెడతాను. పక్కన దోసకాయ ముక్కలు, టమాటా. బ్రెడ్డులో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి పైన ఉప్పు వెయ్యను, సాసు జోలికి పోను. మిగతా రోజులు ఇంట్లోవాళ్లతో పాటే పెసరట్టో, రెండు ఇడ్లీలూ బోలెడు సాంబారో. ఈ తిండి నిజంగానే మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆగుతుంది.

ఇవన్నీ నేర్చుకోవడం తేలికే అయింది. గిన్నె అడుగు మానడమే కష్టమైంది.

మొదటిరోజు మిగిలిన ఉప్మా చెత్తలో వేస్తుంటే అత్తయ్యగారు చూసి, "అన్నం పరబ్రహ్మం అంటారమ్మా, అలా పారేస్తారా?" అన్నారు. నా ప్రాణం చివుక్కుమంది. "అత్తయ్యా, చెత్తబుట్టలో పడకూడదని ఇన్నాళ్లూ నా పొట్టలో వేసుకున్నాను" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చి, రవ్వ కొలిచే గ్లాసు మార్చి చిన్నది పెట్టారు. మాటల్లో చెప్పకపోయినా ఆవిడ నా పక్షమేనని ఆ గ్లాసు చూసి తెలుసుకున్నాను.

మావారితో ఇంకో విచిత్రం. "మీకు మూడో దోసె సగం దాకా కూడా పట్టనప్పుడు ఎందుకు వేయించుకుంటారు?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను. ఆయన తెల్లమొహం వేసి, "నువ్వు తింటావు కదా అని ఉంచుతున్నాను. పెళ్లయిన కొత్తలో నా పళ్లెంలోది తింటే నీకిష్టం అన్నావు" అన్నారు. పద్దెనిమిదేళ్ల కిందటి మాట! ఏం చెప్పమంటారు? నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సగం దోసె ఆయన ప్రేమనుకుని ఉంచుతున్నారు, వృథా అనుకుని నేను మింగుతున్నాను. ఇప్పుడు రెండే వేస్తున్నాను.

అయిదు నెలలకి 68 కిలోలకి వచ్చాను. షుగరు 5.8. ఇంకా గట్టు దిగలేదు కానీ అంచు నుంచి వెనక్కి జరిగాను. బ్రెడ్డు వల్లే తగ్గానని చెబితే అబద్ధం. రోజూ ముప్పావుగంట నడక ఉంది, మధ్యాహ్నం అన్నం ఒక కప్పుకి తగ్గించాను, సాయంత్రం జంతికల డబ్బా అటక ఎక్కింది. బ్రెడ్డు మాత్రం అడ్డుపడలేదు. నేను కూర్చుని, పళ్లెంలో పెట్టుకుని, లెక్కగా తిన్న ఏ తిండీ నాకు అడ్డుపడలేదు.

పోయిన నెల అమ్మ వచ్చి పదిరోజులు ఉంది. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది. మర్నాడు పొద్దున అందరూ తిని వెళ్లాక వంటింట్లోకి వెళ్లి చూద్దును కదా, అమ్మ పొయ్యి గట్టుకి ఆనుకుని నిలబడి, మూకుడు అడుగున అంటుకున్న ఉప్మా చెంచాతో గీకి తింటోంది. ఒంటికాలి మీద బరువు ఆన్చి. చిన్నప్పటి నుంచీ నేను చూసిన అమ్మ అదే. నలుగురికీ వడ్డించాక గిన్నెలో ఏది మిగిలితే అదే ఆవిడ టిఫిను. మిగలకపోతే టీ. నాకు షుగరు అమ్మ నుంచి వస్తుందేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఈ చెంచా కూడా అక్కడి నుంచే వచ్చిందని ఆ రోజు చూశాను.

చెంచా చేతిలోంచి తీసుకుని అమ్మని బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఆవిడకి ఒక ముక్క బ్రెడ్డు, గుడ్డు అట్టు, దోసకాయ. నాకు నా రెండు ముక్కలు. పళ్లెం చూసి అమ్మ నవ్వింది. "బ్రెడ్డు పెడుతున్నావేమే, నాకు జ్వరమేం లేదుగా!"

తింటూ తింటూ అలవాటుగా అంచుముక్క తుంచి నా వైపు చెయ్యి చాచింది.

"నీది నువ్వే తినమ్మా, నా పళ్లెంలో నాది ఉంది" అన్నాను.

ఒక్క క్షణం ఆగి, ఆ అంచు తన నోట్లో వేసుకుంది. "కరకరలాడుతూ బాగానే ఉందే" అంది, అదే మొదటిసారి తింటున్నట్టు.