మా నాయనగారితో హాట్‌రాడ్ కార్ఖానాల యాత్ర

దేశాటనము వలన లోకజ్ఞానము గలుగునని పెద్దలు చెప్పుదురు. మాకు గలిగిన జ్ఞానము వేఱొకటి. దానిని మా పూర్వపాఠశాల బాలబాలికలకు విన్నవింప దలచితిమి.

మా నాయనగారు బెజవాడ ఆటోనగరులో లారీ యింజన్లు బాగుచేయు మేస్త్రీ. మేమిచట చదువుకొను దినములలో, తండ్రి వృత్తి యేమని యడిగినప్పుడెల్ల "వర్తకము" అని వ్రాయుచుంటిమి. ఆయన నూనె మరకల చొక్కాతో జీతము కట్టవచ్చిన యొకనాడు మేము వసారా స్తంభము చాటున దాగితిమి.

గత శరత్కాలమున ఆయన లాస్ ఏంజెల్సులోని మా యింటికి వచ్చిరి. వినోదస్థలములు చూపెదమంటిమి. "ఆ బొమ్మలు నాకేలరా? ఇచటి షెడ్లు చూపుము" అనిరి. అంతట కారులో బయలుదేరితిమి.

మొదట విల్షైర్ వీధిలో 1994లో తెఱువబడిన పీటర్సన్ మోటారు ప్రదర్శనశాలకు పోయితిమి. హాట్‌రాడ్ అనగా పాత కారును విప్పి, వేగము కొఱకు తిరిగి కూర్చిన బండి. 1932లో ఫోర్డు కంపెనీవారు ఎనిమిది సిలిండర్ల యింజనును సామాన్యులకందు వెలకు తెచ్చిరి. దాని శక్తి 65 అశ్వబలములు. పడుచువాండ్రు అట్టి బండ్లను పాతవిగా కొని, మడ్గార్డులు తీసివైచి, కప్పు కోసి క్రిందికి దించి, అదనపు కార్బ్యురేటర్లు బిగించిరి. బరువు తగ్గెను, వేగము హెచ్చెను. ధనము లేనిచోట చేతిపని దానికి బదులయ్యెను.

పిమ్మట సాంటా ఫే స్ప్రింగ్సులో డీన్ మూన్ పేరిట వెలసిన మూన్ఐస్ అంగడికి పోయితిమి. గాలి తాకిడి తగ్గుటకై చక్రములకు బిగించు నున్నని అల్యూమినియపు పళ్లెములకు అది ప్రసిద్ధము. నాయనగారు ఒకదానిని వ్రేలితో నిమిరి, "రేకును లేతుమీద త్రిప్పుచు అచ్చునకు ఒత్తిరి. మన గిన్నెలవారి పనియే" అనిరి. అంగడివాడు ఔనని తల యూపెను.

శుక్రవారము రాత్రి బర్బాంకులో 1949లో కట్టిన బాబ్స్ బిగ్ బాయ్ భోజనశాల ముంగిట పాతకార్లు బారులు తీరియుండెను. ఒక బండి చప్పుడు విని నాయనగారు నిలిచి, ఒక వ్రేలు చూపి, కాదని చేయి యూపిరి. ఒక సిలిండరు పలుకుట లేదని భావము. యజమాని ప్లగ్గు విప్పిచూచెను. అది మసిబారి యుండెను. అతడు జిడ్డుచేతితోనే నాయనగారి చేయి పట్టుకొని, ఎంతసేపటికిని విడువలేదు. భాష తెలియని ఆ యిరువురికి ద్విభాషి యక్కఱ లేకపోయెను. మేము ప్రక్కన ఊరక నిలిచితిమి.

ఆదివారము మొజావే యెడారిలోని ఎల్ మిరాజ్ అను ఎండిన సరస్సునకు పోయితిమి. పూర్వము మ్యూరాక్ సరస్సున ఈ పందెములు జరిగెడివి. 1937లో దక్షిణ కాలిఫోర్నియా క్లబ్బులు సంఘముగా నేర్పడెను. తరువాత మ్యూరాక్ సైనిక విమానస్థలమాయెను. ఎల్ మిరాజులో నేటికిని ఒక్కొక్క బండి వంతున గడియారముతో పోటీపడి పరుగెత్తును. ధూళిలో ఒక తండ్రి యింజను బిగించుచుండగా కుమారుడు పానా అందించుచుండెను. వానిని చూడగా మాకు గొంతు పూడిపోయెను. స్తంభము సంగతి నాయనగారితో చెప్పివైచితిమి.

ఆయన కొంతసేపు సరస్సువంక చూచి, "నాడే చూచితినిరా. ఆ స్తంభము నీకంటె సన్నము" అని నవ్విరి. పిదప, "అందుచేతనే మఱునెల నుండి జీతము గుమాస్తాచేత పంపితిని" అనిరి. ఆ రెండవమాటకు మేము నవ్వలేకపోయితిమి.

తిరిగివచ్చు దారిలో ఆయన వాకిటి ప్రక్క సీటున నిద్రించిరి. మడతలలో మసి యింకిన ఆ చేతులను త్రోవపొడవునను చూచుచు వచ్చితిమి. మా చదువు ఆ చేతులనుండియే వచ్చినది.

ఈ సంచికను చదువు చిన్నతమ్ములారా, చెల్లెండ్రారా! మీ తండ్రి వృత్తి యేమని యడిగినప్పుడు ఉన్నదున్నట్లు వ్రాయుడు. స్తంభముల చాటునకు పోకుడు. అవి మిమ్ము దాచజాలవు.